పాత జీపుకు కొత్త మీటలు

జీపుబండిలో డ్రైవరు కాళ్లకు పక్కగా నేలలోనుండి మూడు మీటలు పైకి వచ్చి ఉంటవి. మొదటిది మామూలు గేరు రాడ్డు. తక్కిన రెండింటిలో ఒకటి ఇంజను శక్తిని ముందు చక్రాలకు కూడ అందిస్తుంది. మరొకటి బండి వేగాన్ని తగ్గించి లాగే బలాన్ని పెంచుతుంది. తారురోడ్డుమీద ఈ రెండింటితో పని లేదు. కనుకనే వాటిని చాలమంది ఏండ్ల తరబడి ముట్టుకోరు. బురదలో చక్రము దిగబడిన నాడో, కొండదారిలో బరువుతో దిగవలసిన నాడో వాటితో అవసరము కలుగుతుంది. ఆనాడు మీట కదలదు. గట్టిగా లాగితే విరుగుతుంది. పాత జీపులకు సరియైన విడిభాగాలు అన్ని చోట్లా దొరకవు. అప్పుడు ఊరి కొలిమివద్దనో, పట్టణములోని లేత్ కార్ఖానాలోనో కొత్త మీటను చేయించుకొనవలసి వస్తుంది.

వంచిన ఇనుపకడ్డీ ఒకటి చేయించడము పెద్ద పనియా అనిపించవచ్చును. కాని ఆ కడ్డీ సరిగా లేకుంటే గేరు సగమే పడుతుంది. సగము పడిన గేరు ఏటవాలు దారిలో జారిపోతే ఇంజను పట్టు ఒక్కసారిగా తప్పి, బండి భారమంతా బ్రేకులమీద పడుతుంది. కనుక మీటను చేయించేవారు మొదట అది ఏ సూత్రముపై పనిచేస్తున్నదో తెలుసుకొనుట మంచిది. హైస్కూలు భౌతికశాస్త్రములో చెప్పే పాఠమే ఇందుకు చాలును.

జీపు పుట్టుక

రెండవ ప్రపంచయుద్ధ కాలములో అమెరికా సైన్యము దారి లేని చోట కూడ నడిచే చిన్న బండి కావాలని 1940లో కోరింది. బాంటమ్ కంపెనీ మొదటి నమూనాను తయారుచేసింది. తరువాత విల్లీస్-ఓవర్లాండ్ కంపెనీ, ఫోర్డు కంపెనీ ఒకే నమూనా ప్రకారము లక్షల బండ్లను చేసినవి. యుద్ధము ముగిసిన 1945లోనే విల్లీస్ కంపెనీ పౌరుల ఉపయోగానికై సి.జె.-2ఎ అనే జీపును విడుదల చేసింది. మనదేశములో మహీంద్రా వారు 1947లో విల్లీస్ జీపులను కూర్చడము ప్రారంభించారు. ఆ తరువాత సి.జె.-3బి నమూనా ఈ దేశములో చాలకాలము తయారైనది. అడవి, నీటిపారుదల, పోలీసు, రెవిన్యూ శాఖల అధికారులను పల్లెలకు మోసినది ఈ కుటుంబపు బండ్లే. వాటిలో కొన్ని నేటికీ నడుస్తున్నవి. అర్ధశతాబ్దము దాటిన బండిని నడిపించడమంటే దాని భాగాలను ఒక్కొక్కటిగా తిరిగి చేసుకోవడమే.

రెండు మీటలు చేసే పని

జీపులో గేరుపెట్టె వెనుక మరొక చిన్న పెట్టె ఉంటుంది. దీనిని ట్రాన్స్‌ఫర్ కేసు అంటారు. గేరుపెట్టెనుండి వచ్చిన శక్తి ఇక్కడ రెండు దారులుగా చీలి, ఒక దారిన వెనుక ఇరుసుకు, ఇంకొక దారిన ముందు ఇరుసుకు పోతుంది. ఒక మీట ముందు దారిని కలుపుతుంది, విడదీస్తుంది. రెండవ మీటకు మూడు స్థానాలు: ఎగువ, నడుమ, దిగువ. ఎగువ స్థానములో ఇంజను శక్తి వేగము తగ్గకుండ సాగిపోతుంది. దిగువ స్థానములో మరొక జత పళ్లచక్రాలు మధ్యలో చేరి వేగాన్ని తగ్గిస్తవి. నడిమి స్థానములో శక్తి ఏ చక్రానికీ పోదు.

సి.జె.-2ఎ జీపు లెక్కను చూద్దాము. గేరుపెట్టెలో మొదటి గేరు నిష్పత్తి 2.798. ట్రాన్స్‌ఫర్ కేసు దిగువ నిష్పత్తి 2.46. ఇరుసులోని నిష్పత్తి 5.38. ఈ మూడింటిని గుణిస్తే సుమారు 37 వస్తుంది. అనగా ఇంజను 37 మారులు తిరిగితే చక్రము ఒక్కమారు తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 1000 చుట్లు తిరుగుతున్నప్పుడు చక్రము 27 చుట్లు తిరుగుతుంది. చక్రము చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. కనుక బండి నిమిషానికి 60 మీటర్లు, గంటకు 3.6 కిలోమీటర్లు పోతుంది. ఇది మనిషి నడక కంటె నిదానము. తగ్గిన వేగానికి బదులు చక్రమువద్ద తిప్పే బలము పెరుగుతుంది. రాపిడి వలన పోయేది పోగా, ఇంజను బలము ముప్పదికి మించిన రెట్లై నేలను నెట్టుతుంది.

ఇంత బలము వెనుక ఇరుసు ఒక్కదానిమీదనే పడితే ఇరుసు కడ్డీలు విరిగే ప్రమాదము ఉన్నది. అందుచేత పెట్టె లోపల ఒక కట్టుబాటును ఏర్పరచారు. రెండు మీటలూ రెండు ఉక్కు రాడ్లను ముందుకు వెనుకకు జరుపుతవి. ఆ రాడ్ల నడుమ ఒక చిన్న ఉక్కు ముక్క ఉంటుంది. ముందు ఇరుసును కలిపితేగాని అది రెండవ రాడ్డును దిగువ స్థానానికి పోనీయదు. కొత్త మీట చేసినప్పుడు దిగువ గేరు పడలేదంటే తప్పు మీటలో ఉన్నదని వెంటనే అనుకోరాదు. ముందు ఇరుసును కలిపి మరల చూడవలెను.

ప్రతి రాడ్డుమీద చిన్న గుంటలు ఉంటవి. స్ప్రింగు వెనుకనుండి నెట్టే ఒక ఉక్కు గుండు గుంటలోకి దిగి, గేరును ఆ స్థానములో నిలుపుతుంది. గేరు పడినప్పుడు చేతికి తెలిసే చిన్న దెబ్బ ఈ గుండుదే. డ్రైవరు చూపుతో కాక ఈ దెబ్బతోనే గేరు పూర్తిగా పడినదని గ్రహిస్తాడు.

మీట సూత్రము

బావిమీది ఏతాము, కత్తెర, గడ్డపార, త్రాసు—ఇవన్నీ మీటలే. ప్రతి మీటకూ ఒక ఆధారబిందువు ఉంటుంది. బలము ప్రయోగించే చోటికీ ఆధారానికీ మధ్యనున్న దూరము బలభుజము. భారము ఉన్న చోటికీ ఆధారానికీ మధ్యనున్న దూరము భారభుజము. బలమును బలభుజముతో గుణించగా వచ్చినది, భారమును భారభుజముతో గుణించగా వచ్చినదానికి సమానము.

జీపు మీట మొదటి తరగతి మీట. దాని ఆధారము పెట్టెమీద అడ్డముగా అమర్చిన పిన్ను. పైన డ్రైవరు చేయి, క్రింద రాడ్డు గాడిలోకి దిగిన కొన. ఉదాహరణకు పిడికి, పిన్నుకు మధ్య 40 సెం.మీ., పిన్నుకు, క్రింది కొనకు మధ్య 5 సెం.మీ. ఉన్నవనుకొందాము. నిష్పత్తి 8. చేతితో 6 కి.గ్రా. బరువుకు సమానమైన బలముతో లాగితే క్రింది కొన 48 కి.గ్రా. బలముతో రాడ్డును నెట్టుతుంది.

కాని ప్రకృతి ఏదీ ఉచితముగా ఇవ్వదు. బలము ఎనిమిది రెట్లు పెరిగితే కదలిక ఎనిమిదవ వంతు అవుతుంది. రాడ్డు 18 మి.మీ. జరగాలంటే పిడి 144 మి.మీ. జరగవలెను. సీటుకూ డాష్‌బోర్డుకూ నడుమ, నేలలోని కంతకు లోబడి, పిడికి ఆ చోటు ఉండవలె. మీటను పొడవు చేస్తే చేతికి తేలికగా ఉంటుందని కొందరు పైభాగాన్ని పెంచుతారు. అప్పుడు పిడి ఇంకా ఎక్కువ దూరము పోవలసి వస్తుంది. చోటు చాలక మీట సీటుకో, నేలరేకుకో తగులుతుంది. చేతికి హాయిగా ఉన్నది గాని, గేరు పూర్తిగా పడలేదు.

అరుగుదల కూడ ఇట్టి నష్టమునే కలిగిస్తుంది. పిన్ను రంధ్రము, క్రింది కొన, రాడ్డు గాడి—ఈ మూడూ కొంచెము కొంచెముగా అరిగి కొనవద్ద మొత్తము 3 మి.మీ. వదులు ఏర్పడినదనుకొందాము. పిడివద్ద ఆ వదులు ఎనిమిది రెట్లై 24 మి.మీ. అవుతుంది. ఆ మేరకు పిడి వట్టిగా ఊగుతుంది. మిగిలిన 120 మి.మీ. కదలిక రాడ్డును 15 మి.మీ. మాత్రమే జరుపుతుంది. 18 మి.మీ. జరుగవలసిన రాడ్డు 15 వద్దనే ఆగితే ఉక్కు గుండు గుంటలో పూర్తిగా కూర్చొనదు. పళ్లు అంచులమీదనే కరచుకొని ఉంటవి. తారురోడ్డుమీద ఇది బయటపడకపోవచ్చును. బరువుతో దిగుడుదారిలో పోతున్నప్పుడు మాత్రము పళ్లు జారి గేరు నడిమి స్థానానికి వచ్చివేస్తుంది.

మీట వంకరగా ఉంటే బలము తగ్గునా? ఇది విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్న. తగ్గదు. లెక్కకు తీసుకొనవలసినది కడ్డీ వెంబడి పొడవు కాదు. ఆధారబిందువునుండి బలరేఖకు గీసిన లంబము పొడవు. సీటు తగలకుండ, గేరుపెట్టె మూతను తప్పించుకొనుటకు కడ్డీని ఎన్ని వంపులైనా త్రిప్పవచ్చును. పిన్ను కేంద్రము, పిడి, క్రింది కొన—ఈ మూడూ తమ తమ స్థానాలలో ఉంటే చాలును. కొత్త మీటకు కొలవవలసినవి ఈ మూడు బిందువులే. నడుమ ఉన్నదంతా వాటిని కలిపే దారి మాత్రమే.

విరిగినది ఎందుకు?

విరిగిన మీటను చూడగానే దానికి నకలు చేయించుట సామాన్యము. అది తొందరపాటు. మీట విరగడము రోగము కాదు, రోగలక్షణము. పాత పిన్ను బిగిసిపోయి ఉంటే కొత్త మీట కూడ అదే చోట విరుగుతుంది.

శ్రీకాకుళం జిల్లాలో టెక్కలికి సమీపాన ఉన్న నౌపడ సంగతి చూడండి. ఇది ఉప్పు మడులకు పేరుపొందిన ఊరు. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల చిన్న రైలుదారి 1900లో ఇక్కడినుండే బయలుదేరినది. ఆ దారి తరువాత గుణుపురము వరకు సాగింది. 2004లో చిన్న రైలు ఆగిపోయి, పిమ్మట బ్రాడ్‌గేజి వచ్చింది. మడుల గట్లమీద మట్టిదారులు. వాన పడితే జారుడు. నాలుగు చక్రాల బండికి ఇది తగిన చోటే. కాని ఇనుముకు ఇంతకంటె పగదాయి మరొకటి లేదు.

ఇనుము తుప్పు పట్టుటకు నీరు, ఆమ్లజని రెండూ కావలెను. తడిసిన ఇనుముమీద ఒకచోట లోహము కరిగి తన ఎలక్ట్రానులను వదలుతుంది. మరొకచోట ఆమ్లజని వాటిని గ్రహిస్తుంది. ఈ రెండు చోట్ల నడుమ నీటి పొర ద్వారా విద్యుత్తు ప్రవహించవలెను. మంచినీరు మంచి వాహకము కాదు. ఉప్పునీరు మంచి వాహకము. కనుక ఉప్పు కలిసినచోట ఈ పని చురుకుగా సాగుతుంది.

అంతేకాదు, ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. శుద్ధమైన సోడియం క్లోరైడు సాపేక్ష ఆర్ద్రత 75 శాతము దాటినప్పుడు తానే నీరై కరుగుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడ ఉంటుంది. అది ఇంకా తక్కువ తేమలోనే చెమ్మగిల్లుతుంది. వానాకాలములో ఇంటిలోని ఉప్పుజాడీ అడుగున నీరు ఊరుట అందరూ ఎరిగినదే. బండి క్రిందిభాగాన అంటుకొన్న ఉప్పు మట్టి కూడ అట్లే రాత్రింబవళ్లు ఇనుమును తడిగా ఉంచుతుంది.

తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె రెండు మొదలు ఆరు రెట్ల చోటును ఆక్రమిస్తుంది. పిన్నుకూ మీట రంధ్రానికీ నడుమ ఉండే సందు వెంట్రుకవాసి. అందులో తుప్పు పుట్టి ఉబ్బితే పిన్ను మేకు దిగగొట్టినట్లు బిగిసిపోతుంది. ఏండ్ల తరబడి ముట్టుకొనని మీట ఒకనాడు కదలకపోవుటకు కారణము ఇదే. బిగిసిన పిన్నును కదల్చడానికి డ్రైవరు రెండు చేతులతో లాగుతాడు. కడ్డీ విరగవచ్చును, అంతకంటె చెడ్డ సంగతి, పెట్టెమీద పిన్నును పట్టియుండే చెవి విరగవచ్చును. పెట్టె పోతయినుముతో చేసినది. పోతయినుము వంగదు, పగులుతుంది. మీట విరిగితే కొలిమి ఉన్నది. చెవి పగిలితే పెట్టెనే దించవలసి ఉంటుంది.

అందుచేత మొదటి పని పిన్నును విడిపించుట. మట్టిని మంచినీటితో కడిగి ఆరబెట్టి, పలుచని నూనె పోసి ఒకటి రెండు రోజులు నానవేసి, మెల్లగా త్రిప్పుతూ తీయవలెను. సుత్తితో కొట్టవలసివస్తే అవతలి వైపు చెవికి గట్టి ఆనిక ఉంచి కొట్టవలె. పిన్ను బయటకు వచ్చిన తరువాత రెండు రాడ్లూ చేతితోనే జరుగుచున్నవో లేదో చూడవలెను. రాడ్లు కూడ బిగిసి ఉంటే దోషము పెట్టె లోపల ఉన్నది. మీట ఎంత మంచిదైనా ప్రయోజనము లేదు.

కొలతలు, నమూనా

చక్రాలకు ముందు వెనుకల రాళ్లు పెట్టి, ఇంజను ఆపి, రెండు రాడ్లనూ ఒక్కొక్క స్థానానికి జరిపి చూడవలెను. ఉక్కు గుండు గుంటలో పడిన ప్రతిచోట రాడ్డుమీద సుద్దతో గుర్తు పెట్టుకోవలె. మొదటి గుర్తునుండి చివరి గుర్తువరకు ఎన్ని మి.మీ. ఉన్నదో అదే క్రింది కొన తిరుగవలసిన దూరము. ఇది ఊహించి చెప్పే అంకె కాదు; ఆ బండిమీదనే కొలిచి తెలుసుకొనవలసినది.

తరువాత అట్టతో క్రిందిభాగపు నమూనాను కత్తిరించవలెను. పిన్ను రంధ్రమునుండి కొనవరకు అది పాత మీటతో సరిపోవలెను. పైభాగానికి చేతితో వంగే దళసరి తీగ చాలును. అట్టను, తీగను కలిపికట్టి పిన్నుకు తొడిగి, ప్రతి స్థానములోను పిడి ఎక్కడికి వస్తున్నదో చూడవలెను. డ్రైవరు సీటులో కూర్చుండి క్లచ్చి తొక్కి చూడవలె, మోకాలికి తగులరాదు. రెండు మీటలూ ఒకదానినొకటి ఒరయరాదు. నేలరేకు కంత అంచుకు మీట ఆనుకొనరాదు. ఇంజను, గేరుపెట్టె రబ్బరు దిమ్మలమీద ఉంటవి. బండి నడిచేటప్పుడు అవి రేకుతో పాటు కాక విడిగా అదురుతవి. కనుక అన్ని వైపులా వ్రేలు దూరేటంత సందు విడిచిపెట్టవలెను. సందు లేకపోతే గతుకులలో రేకే మీటను నెట్టి గేరును జారుస్తుంది.

పాత ఇంజను తీసి డీజిలు ఇంజను పెట్టించిన బండ్లలో ఈ నమూనా మరీ ముఖ్యము. గేరుపెట్టె కొంచెము వెనుకకో, ముందుకో జరిగి ఉంటుంది. అసలు మీటను తెచ్చి తొడిగినా అది కంతకు సరిపోదు.

కడ్డీ ఎంత లావు ఉండవలె?

పిడిమీద పడిన బలము కడ్డీని వంచుటకు ప్రయత్నిస్తుంది. ఈ వంచే శక్తిని భ్రామకము అంటారు. పిడివద్ద అది సున్న. క్రిందికి వచ్చేకొద్దీ పెరిగి పిన్నువద్ద అత్యధికమవుతుంది. బలమైన మనిషి 20 కి.గ్రా. బలముతో లాగినాడనుకొందాము. 40 సెం.మీ. దూరములో ఉన్న పిన్నువద్ద భ్రామకము 800 కి.గ్రా.-సెం.మీ.

గుండ్రని కడ్డీ వంపును ఎదిరించే సామర్థ్యము దాని వ్యాసపు ఘనమునుబట్టి ఉంటుంది. 12 మి.మీ. కడ్డీలో ఈ భ్రామకము చదరపు సెంటీమీటరుకు సుమారు 4700 కి.గ్రా. ప్రతిబలమును కలిగిస్తుంది. 16 మి.మీ. కడ్డీలో అది 2000; 20 మి.మీ. కడ్డీలో 1000 మాత్రమే. సామాన్యపు మెత్తని ఉక్కు సుమారు 2500 వద్ద శాశ్వతముగా వంగిపోతుంది. కనుక 12 మి.మీ. కడ్డీ వంగుతుంది, 16 మి.మీ. కడ్డీ నిలుస్తుంది గాని మిగులు తక్కువ, 20 మి.మీ. కడ్డీ నిశ్చింతగా నిలుస్తుంది. వ్యాసము నాలుగవ వంతు పెరిగితే బలము దాదాపు రెట్టింపైనది! పైకి పోయేకొద్దీ భ్రామకము తగ్గుతుంది కనుక పైభాగము సన్నగా ఉండవచ్చును. కంపెనీ చేసిన మీటలు క్రింద లావుగా, పైన సన్నగా ఉండుటకు కారణము అందము కాదు.

పిన్ను కొరకు రంధ్రము పొడవవలసినది భ్రామకము అత్యధికముగా ఉండే చోటనే. రంధ్రము వలన లోహము తగ్గుతుంది. అందుచేత అక్కడ కడ్డీని కన్నువలె వెడల్పు చేసి, రంధ్రమునకు ఇరువైపులా తగినంత ఉక్కు మిగిలేటట్లు చూడవలెను.

కొలిమిలో

మందపాటి రేకునుండి మీట ఆకారాన్ని కోసి తీయవచ్చును. కడ్డీని కాల్చి సుత్తితో సాగగొట్టి చేయవచ్చును. రెండవది మేలైన పద్ధతి. నాగలి చేయించదలచిన రైతు సహజముగా వంపు తిరిగిన కర్రను వెదకి తెస్తాడు. తిన్నని దూలమునుండి వంపును కోయించడు. కోస్తే కర్ర పోగులు తెగి వంపువద్ద చీలుతుందని అతడెరుగును. ఉక్కులోను సాగదీసిన దిక్కుగా పోగులవంటి రేఖలు ఉంటవి. కాల్చి వంచితే ఆ రేఖలు వంపు వెంట తిరుగుతవి. కోస్తే వంపువద్ద తెగుతవి.

కన్ను వెడల్పు కావలసినచోట కడ్డీని నారింజరంగు వచ్చేవరకు కాల్చి, దాగలిమీద నిలువుగా నిలిపి కొట్టి లావు చేయవలెను. తరువాత చదును చేయవలె. రంగు ముదురు ఎరుపుకు దిగిన తరువాత కొట్టరాదు. లోపల పగుళ్లు ఏర్పడవచ్చును. వంపులను లోమూల పదునుగా కాక గుండ్రముగా త్రిప్పవలెను. రంధ్రమును కొలిమిలో కాక డ్రిల్లుతో, పిన్ను కంటె కొంచెము తక్కువగా పొడిచి, రీమరుతో సరియైన కొలతకు తేవలెను. క్రింది కొనను ఆకురాతితో గుండ్రముగా అరగదీసి రాడ్డు గాడిలో పెట్టి చూస్తూ సరిచేయవలె. మొదట కొంచెము ఎక్కువ లోహము విడిచిపెట్టుట ఎప్పుడూ మంచిది. తీసిన లోహము తిరిగి రాదు.

రెండు ముక్కలు అతకవలసి వస్తే అతుకును పిన్నుకు దూరముగా, భ్రామకము తక్కువ ఉండే పైభాగములో వేయవలెను. వెల్డింగును బండిమీద చేయరాదు. అక్కడ పెట్రోలు ఉన్నది, బ్యాటరీ ఉన్నది.

పదను

లారీల పాత కమాను పట్టీలను కమ్మరులు కత్తులకు, పారలకు వాడుతారు. ఈ ఉక్కులో కర్బనము సుమారు 0.5 నుండి 0.6 శాతము ఉంటుంది. ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టిపడుతుంది. మెత్తని ఉక్కులో కర్బనము 0.25 శాతమునకు లోపు; దానిని ఎంత కాల్చి ముంచినా అంత గట్టిపడదు. అయినంతమాత్రాన మీటనంతటినీ కమాను ఉక్కుతో చేసి గట్టిపరచుట తగదు. మరీ గట్టియైన ఉక్కు గాజువలె పెళుసు. మీట వంగితే డ్రైవరుకు కనబడుతుంది, హెచ్చరిక అవుతుంది. విరిగితే ఏ హెచ్చరికా లేదు. కమాను ఉక్కును అతికితే మరొక ప్రమాదము: అతుకు ప్రక్కన అది త్వరగా చల్లారి పెళుసెక్కుతుంది. ముందుగా వేడిచేసి అతికి, ఆపైన ఊక బూడిదలో కప్పి మెల్లగా చల్లార్చవలెను.

గట్టిదనము కావలసినది క్రింది కొనకు మాత్రమే. అదే గాడిలో రాచుకొనేది. కొనకు కమాను ఉక్కు ముక్కను వాడితే దానిని కాల్చి, నూనెలో ముంచి, మెరుగుపెట్టి, మరల మెల్లగా వేడిచేయవలెను. అప్పుడు మెరుగుమీద రంగులు వరుసగా కనబడుతవి. సుమారు 230 డిగ్రీల సెంటిగ్రేడువద్ద లేత గడ్డిరంగు, 280 వద్ద ఊదారంగు, 300 వద్ద నీలిరంగు. ఇవి ఉక్కుమీద ఏర్పడే పలుచని ఆక్సైడు పొర రంగులు. పొర మందము పెరిగేకొద్దీ రంగు మారుతుంది. ఉష్ణమాపకము లేని కమ్మరికి ఇదే ఉష్ణమాపకము. మీట కొనకు నీలిరంగు చాలును. కొన రాడ్డు కంటె గట్టిదైతే గాడి అరుగుతుంది. మీటను మార్చుట పూట పని; రాడ్డును మార్చవలెనంటే పెట్టెను విప్పవలె. చవకైన భాగమే ముందు అరగవలెను.

పిన్ను రంధ్రములో కొందరు గన్‌మెటల్ బుష్ వేయిస్తారు. రాపిడి తగ్గుతుంది. కాని ఉప్పు చెమ్మలో రాగి కలిసిన లోహము ఉక్కును ఆనుకొని ఉంటే ఉక్కు మరింత త్వరగా తుప్పు పడుతుంది. గ్రీజు నిండుగా ఉన్నంతకాలము చెమ్మ లోపలికి రాదు. నౌపడ వంటి చోట బుష్ వేసినవారు గ్రీజును మరువరాదు.

పరీక్ష

మీటలను తొడిగిన తరువాత బండిని కదల్చకముందే పరీక్షించవలెను. ప్రతి స్థానములోను గుండు దెబ్బ చేతికి తెలియవలె. రాడ్డుమీద సుద్ద గుర్తులకు సరిపోవలె. అప్పటికి పిడి ఇంకా కొంచెము ముందుకు పోవుటకు చోటు మిగిలి ఉండవలెను. చోటు మిగులకపోతే మీటను ఆపుతున్నది గుండు కాదు, నేలరేకు. ముందు ఇరుసును విడదీసి ఉంచి దిగువ గేరుకు లాగి చూడవలె, పడరాదు. పడినదంటే లోపలి ఉక్కు ముక్క లేదు, లేక అరిగినది. మీట పని ముగిసినా పెట్టె పని మిగిలియున్నదన్నమాట.

తరువాత చదునైన మట్టినేలమీద నిదానముగా నడిపి, ఒక్కసారి యాక్సిలరేటరు వదలి, మరల తొక్కి, గేరు నిలుస్తున్నదో లేదో చూడవలెను. అక్కడ నిలిచిన గేరునే కొండదారికి నమ్మవలె. గట్టి తారురోడ్డుమీద ముందు ఇరుసును కలిపి నడపరాదు. మలుపులో ముందు చక్రాలు, వెనుక చక్రాలు వేరు వేరు దూరాలు తిరుగవలసి ఉంటుంది. మట్టిలో అవి కొంచెము జారి సర్దుకొంటవి. తారుమీద జారలేక, ఇరుసులనడుమ మెలి బిగిసి, మీట మరల కదలకుండ పోతుంది. మీటలు విరగడానికి ఇది మరొక కారణము.

మీటకు రంగు వేసినా రాచుకొనేచోట రంగు నిలువదు. ఉప్పుదారిలో తిరిగిన బండిని అడుగుభాగము మంచినీటితో కడిగి, నెలకొకమారు పిన్నుకు గ్రీజు పెట్టి, అవసరము లేకున్నా మట్టినేలమీద రెండు మీటలనూ అటూ ఇటూ కదపవలెను. వాడని మీటనే తుప్పు ముందుగా పట్టుకొంటుంది.

గేరు మీటను కొలిమిలో చేయించవచ్చునని బ్రేకు పెడలును, స్టీరింగు చేతిని కూడ అట్లే చేయించవచ్చునని భావించరాదు. గేరు మీట చెడినప్పుడు బండిని ఆపుటకు బ్రేకు ఉన్నది. బ్రేకు చెడితే దాని వెనుక చెప్పుకోదగిన రక్ష లేదు. స్టీరింగు విరిగితే అసలే లేదు. వాటికి పరీక్షించిన కంపెనీ భాగాలే కావలెను.

తరగతి గదిలో

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని జీపు లేకుండానే చూపవచ్చును. దళసరి అట్టనుండి రెండు మీటలను కోయవలె. ఒకటి తిన్ననిది, రెండవది వంకరది. కాని రెండింటికీ ఆధారము, పై బిందువు, క్రింది బిందువు ఒకే దూరాలలో ఉండవలెను. రెండింటినీ గుండుసూదితో పలకకు గుచ్చి, పై బిందువును కొలబద్దవెంట జరుపుతూ క్రింది బిందువు ఎంత జరిగినదో కొలిపించవలెను. రెండింటి అంకెలూ సమానముగా వస్తవి. తరువాత గుండుసూది రంధ్రాన్ని కొంచెము పెద్దది చేసి మరల కొలిపించవలెను. పై బిందువు మునుపటి అంతే తిరిగినా క్రింది బిందువు అంత తిరుగదు. తగ్గిన ఆ ఒకటి రెండు మిల్లీమీటర్లే జీపులో గేరు నిలుచుటకు, జారుటకు గల తేడా.